లెక్కకొచ్చిన తొమ్మిది మంది: పటాన్‌చెరు సూది నుంచి యూరప్ హెచ్చరిక దాకా

2024 మార్చిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫ్రాన్స్ నుంచి ఒక అధ్యయనం అచ్చయింది. మెదడును కప్పి ఉండే పొరల్లో పెరిగే కణితిని మెనింజియోమా అంటారు. ఆ కణితికి ఆపరేషన్ చేయించుకున్న 18,061 మంది స్త్రీలను తీసుకుని, వాళ్లంత వయసే ఉండి, వాళ్ల ప్రాంతంలోనే ఉంటూ, ఆ జబ్బు లేని 90,305 మందితో పోల్చి చూశారు. ఎవరు ఏ హార్మోను వాడారో ప్రభుత్వ ఆరోగ్య బీమా రికార్డుల్లోంచి తీశారు. మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అసిటేట్ అనే సంతాన నిరోధక సూదిని ఏడాదికి పైగా వాడిన వాళ్లలో ఈ కణితి ముప్పు ఐదు రెట్లకు పైగా ఉందని తేలింది. ఆ సెప్టెంబరులో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీలో మందుల భద్రతను చూసే కమిటీ కదిలింది. ఈ కణితి ఉన్నవాళ్లకూ, ఇదివరకు వచ్చినవాళ్లకూ గర్భనిరోధకంగా ఆ సూది వేయకూడదని, మందుతో వచ్చే కాగితంలో ఆ సంగతి రాయాలని, డాక్టర్లకు ఉత్తరాలు పంపాలని చెప్పింది.

ఈ వార్తలో నన్ను ఆపింది ఐదు రెట్లు అన్న మాట కాదు. దాని వెనకున్న సంఖ్య. ఫ్రాన్స్‌లో ఆ సూది వాడేవాళ్లు బహు తక్కువ. కణితికి ఆపరేషన్ అయిన 18,061 మందిలో దాన్ని వాడినవాళ్లు తొమ్మిది మంది. పోల్చి చూసిన 90,305 మందిలో పదకొండు మంది. సంఖ్య చిన్నదని ఎవరూ పక్కన పడెయ్యలేదు. తర్వాత అమెరికాలో పెద్ద ఎత్తున జరిగిన అధ్యయనం కూడా, ముప్పు ఇంతకంటే తక్కువని చెప్తూనే, అటువైపే చూపించింది. తొమ్మిది మంది స్త్రీలు లెక్కకొచ్చారు. ఒక ఖండమంతటా మందు కాగితం మారింది.

అదే మందును 2017 నుంచి మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘అంతరా’ పేరుతో ఉచితంగా ఇస్తున్నారు. 150 మిల్లీగ్రాములు, మూడు నెలలకోసారి. మా నస్పూర్‌లో ఆడవాళ్లు మూణ్నెల్ల సూది అంటారు. ఇది చదివి ఎవరూ బెంబేలు పడాల్సింది లేదు. మెనింజియోమా అరుదుగా వచ్చేది, చాలావరకు క్యాన్సర్ కానిది. ఎన్ని రెట్లు పెరిగినా మొత్తం మీద ఆ ముప్పు చిన్నదే. నా ప్రశ్న వేరు. ఆ తొమ్మిది మంది స్త్రీలు ఫ్రాన్స్‌లో కాక మన దగ్గర ఉండి ఉంటే ఎవరి లెక్కలోకి వచ్చేవాళ్లు? ఈ ప్రశ్నను నలభై ఏళ్ల కిందటే హైదరాబాదు స్త్రీలు పటాన్‌చెరులో అడిగారు. వాళ్ల చరిత్రనూ, యూరప్‌లో మందుల చట్టాల చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఈ వార్త మనకు పూర్తిగా అర్థం కాదని నాకనిపిస్తుంది.

రాసే లెక్క, రాయని లెక్క

శ్రీరాంపూర్ గనుల పక్కనున్న మా ఊళ్లో లెక్కలంటే అందరికీ బాగా తెలుసు. మస్టర్ అంటే ఏమిటో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. బావిలోకి దిగిన ప్రతి దినం కార్మికుడి పేరు మీద పడుతుంది. నాగా పడితే అదీ పడుతుంది. ఏడాదికి ఎన్ని మస్టర్లు ఉన్నాయన్నదాన్ని బట్టే సెలవులూ, లాభాల్లో వాటా. 1952 గనుల చట్టం కింద ప్రమాదం జరిగితే రాసి పంపాలి. కార్మికుణ్ణి కొన్నేళ్లకోసారి వైద్య పరీక్షకు పిలవాలి. బొగ్గు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు న్యూమోకోనియోసిస్ అని పేరు పెట్టి, ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బుల్లో చేర్చారు. ఇవేవీ యాజమాన్యాల దయవల్ల రాలేదు. యూనియన్లు కొట్లాడితే వచ్చాయి. అమలు ఎట్లా ఉందన్నది వేరే మాట. కనీసం రాయాలన్న నియమం ఉంది. రాయకపోతే అడగడానికి ఒక కాగితం ఉంది.

అదే ఇంట్లో, ఆ కార్మికుడి భార్య శరీరానికి మస్టర్ లేదు. సూది వేయించుకున్నాక రెండు నెలలు బట్టలు మారుస్తూనే గడిపినామె నాకు తెలుసు. ముట్టు పూర్తిగా ఆగిపోయి, కడుపొచ్చిందేమోనని భయపడి పరీక్ష చేయించుకున్నామె కూడా తెలుసు. ఇద్దరికీ దొరికిన జవాబు ఒకటే: “అందరికట్లనే ఉంటది, కొన్ని రోజులైతే తక్కువైతది.” ఆ జవాబు వైద్యపరంగా పూర్తిగా తప్పు కాదు. ఈ సూదితో ముట్టు తప్పడమూ, ఎక్కువ కావడమూ మామూలే. తప్పు ఎక్కడంటే, జవాబు చెప్పిన చెయ్యి ఒక్క అక్షరమూ రాయలేదు. ఆమె రెండోసారి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు. కాంట్రాక్టు పనివాళ్ల ఇళ్లలోనైతే ఊరు మారితే సూది తేదీ కూడా మారిపోతుంది.

ఒక మందు వల్ల ఏం జరుగుతుందో ప్రయోగశాలలో సగమే తెలుస్తుంది. మిగతా సగం వాడినవాళ్ల నోటి నుంచి తెలియాలి. ఆ నోరు స్త్రీదైనప్పుడు ఏం జరిగిందో యూరప్ చరిత్రే చెప్తుంది.

యూరప్ ఎట్లా నేర్చుకుంది

యూరప్‌లో మందుల నియంత్రణ మొదటినుంచీ ఇంత గట్టిగా ఉందనుకుంటే పొరపాటు. 1957 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో గ్రూనెంతాల్ కంపెనీ కాంటర్‌గాన్ పేరుతో థాలిడొమైడ్‌ను అమ్మకానికి పెట్టింది. నిద్ర పట్టడానికి మంచి మందన్నారు. వేవిళ్లకు వాడమన్నారు. గర్భిణులు నమ్మి వేసుకున్నారు. చేతులూ కాళ్లూ సరిగా ఎదగని పిల్లలు పుట్టారు. ప్రపంచం మొత్తం మీద పదివేల మంది దాకా ఉంటారని అంచనా. 1961 నవంబరులో గాని జర్మనీలో దాన్ని వెనక్కి తీసుకోలేదు. అమెరికాలో అది మార్కెట్లోకి రాకుండా ఆపింది ఒక స్త్రీ, ఫ్రాన్సిస్ కెల్సీ. కంపెనీ ఇచ్చిన ఆధారాలు చాలవని అనుమతి ఫైలు మీద సంతకం చేయకుండా కూర్చుంది.

ఈ ఘోరం తర్వాతే 1965 జనవరిలో యూరోపియన్ ఆర్థిక సమాజం తన మొదటి మందుల ఆదేశాన్ని తెచ్చింది. ముందుగా అనుమతి లేకుండా ఏ మందూ మార్కెట్లోకి రాకూడదన్న సూత్రం అందులోంచి వచ్చింది. ఇవ్వాళ మనకు ఇది ఎంతో సహజంగా కనిపిస్తుంది. ఆ ఒక్క వాక్యం వెనక వేల మంది తల్లుల గర్భాలున్నాయి.

అక్కడితో పాఠం పూర్తి కాలేదు. బెర్లిన్‌లోని షెరింగ్ కంపెనీ హార్మోను మాత్రలు ఒకటి అమ్మేది. జర్మనీలో దాని పేరు డ్యూయోగైనాన్, బ్రిటన్‌లో ప్రైమోడాస్. గర్భం ఉందో లేదో తెలుసుకోవడానికి మింగించేవాళ్లు. ముట్టు వస్తే గర్భం లేనట్టు. 1967లో ఇజబెల్ గాల్ అనే వైద్యురాలు, ఈ పరీక్షకూ వెన్నెముక లోపాలతో పుట్టిన పిల్లలకూ సంబంధం ఉండవచ్చని నేచర్ పత్రికలో రాసింది. ఆ మాత్రలు బ్రిటన్‌లో మార్కెట్ నుంచి పోవడానికి 1978 దాకా పట్టింది. నష్టానికి ఆ మాత్రలే కారణమా అన్న దాని మీద నిపుణుల వివాదం ఇంకా తేలలేదు. కాని 2020 జూలైలో బ్రిటన్‌లో బారనెస్ కంబర్లెజ్ నాయకత్వాన వచ్చిన విచారణ నివేదిక ఒక సంగతి తేల్చేసింది. ప్రైమోడాస్ గురించి గాని, గర్భిణులు వాడిన మూర్ఛ మందు వాల్‌ప్రొయేట్ గురించి గాని, శరీరంలో అమర్చిన మెష్ గురించి గాని స్త్రీలు చెప్పుకున్న బాధల్ని వ్యవస్థ దశాబ్దాల పాటు వినలేదని రాసింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2022లో ఇంగ్లండులో రోగుల భద్రతకు ఒక కమిషనర్‌ను నియమించారు.

ఇదే రకం మాత్రలు మన దేశంలోనూ ఉండేవి. ఎక్కువ మోతాదు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ కలిపిన మందుల్ని మన ఆడవాళ్లు గర్భ పరీక్షకే కాదు, గర్భం పోవడానికి కూడా మందుల షాపుల్లో అడిగి కొనుక్కునేవాళ్లు. 1982లో ప్రభుత్వం ఆపాలనుకుంటే కంపెనీలు కోర్టుకెక్కి స్టే తెచ్చుకున్నాయి. స్త్రీల సంఘాలు, వైద్య సంఘాలు, అఖిల భారత డ్రగ్ యాక్షన్ నెట్‌వర్క్ వంటివి పట్టు వదలకుండా పోరాడితే, బహిరంగ విచారణలు జరిగి, 1988లో నిషేధం వచ్చింది. యూరప్ మందు వచ్చినంత తొందరగా యూరప్ హెచ్చరిక రాదన్న సంగతి మన స్త్రీలు అప్పుడే గ్రహించారు.

పటాన్‌చెరు, 1985

అదే షెరింగ్ కంపెనీ మందు ఇంకొకటి ఈ లోపల మనదాకా వచ్చింది. నోరెథిస్టిరాన్ ఎనాంథేట్, పొట్టిగా నెట్-ఎన్. రెండు నెలలకోసారి వేసే సూది. భారత వైద్య పరిశోధన మండలి దాని మీద దేశంలో ప్రయోగాలు జరిపిస్తోంది. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అందుకోసం శిబిరం పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లను పోగు చేశారు. పిల్లలు పుట్టకుండా మంచి సూది అని చెప్పారు. ఇంకా ప్రయోగంలో ఉన్న మందని గాని, వాటివల్ల ఏమేం కావచ్చునని గాని చెప్పలేదు.

హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఈ సంగతి తెలిసి అక్కడికి వెళ్లారు. వాళ్లు చేసిన పని చాలా చిన్నది. కూర్చుని ఉన్న ఆడవాళ్లకు తెలుగులో సంగతి చెప్పారు. వినగానే చాలామంది లేచి వెళ్లిపోయారు. చదువులేని వాళ్లకు చెప్పినా అర్థం కాదన్న డాక్టర్ల వాదనకు అంతకంటే జవాబు ఏముంటుంది? చెప్తే అర్థమవుతుంది. అర్థమైతే కాదంటారేమోనన్న భయంతోనే చెప్పరు.

1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, అహ్మదాబాదులోని చింగారీ మరికొందరితో కలిసి సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ వేశాయి. సమాచారం ఇవ్వకుండా తీసుకున్న సమ్మతి సమ్మతి కాదన్నది వాళ్ల మొదటి వాదన. ముట్టు గాడి తప్పడం, మళ్లీ గర్భం ఎప్పుడు నిలుస్తుందో తెలియకపోవడం, పాలు తాగే పిల్లల మీద ప్రభావం, దీర్ఘకాలంలో క్యాన్సర్ వంటి ముప్పులు ఇంకా తేలలేదన్నది రెండోది. మూడోదే ఇవ్వాళ్టికీ అన్నిటికంటే పదునైనది. రక్తపోటు చూడడానికే దిక్కులేని ఆరోగ్య కేంద్రంలో, వెయ్యకూడని వాళ్లెవరో ఎట్లా ఏరతారు? వేశాక కష్టం వస్తే ఎవరు చూస్తారు? ఒక్కసారి కండరంలోకి ఎక్కించాక వెనక్కి తీయలేని మందు ఇది. మాత్రైతే ఆమె తనంతట తాను మానెయ్యగలదు. సూదిని మానడానికి దాని గడువు తీరేదాకా కాచుకోవాలి.

ఇంకో సంగతి మన సాహిత్య చరిత్రలో గుర్తు పెట్టుకోదగ్గది. ఆ 1986లోనే స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పిన జ్ఞాపకాల పుస్తకం అది. పోరాట చరిత్రలు రాయని సంగతుల్ని ఆ స్త్రీల నోటి నుంచి విని రాసినవాళ్లూ, ఆరోగ్య కేంద్రం రాయని సంగతుల కోసం సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లూ ఒకే సంఘం వాళ్లు. రెండు పనులకూ మూలం ఒకటే అనిపిస్తుంది నాకు. స్త్రీ తన అనుభవం గురించి చెప్పిన మాట సాక్ష్యం కింద నిలుస్తుందని నమ్మడం.

ఆ కేసు పద్నాలుగేళ్లు నడిచింది. 2000 ఆగస్టులో ముగిసింది. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్-ఎన్‌ను పెద్ద ఎత్తున వాడడం మంచిది కాదనీ, తగిన కౌన్సెలింగూ తర్వాతి పర్యవేక్షణా ఉన్నచోటనే ఇస్తామనీ ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. నిషేధం రాలేదు. అందుకని ఓడిపోయామని కొందరన్నారు. నేనట్లా అనుకోను. ‘తగిన కౌన్సెలింగూ పర్యవేక్షణా ఉన్నచోటనే’ అన్న మాట పటాన్‌చెరు స్త్రీలు మనకు సంపాదించి పెట్టిన షరతు. యూరప్‌కు 1965 ఆదేశంలోని ఆ ఒక్క వాక్యం ఎట్లాంటిదో, మనకు ఇది అట్లాంటిది.

కొత్తగూడెం బడిపిల్లలు

ఆ షరతు ఎంత తొందరగా మరిచిపోయామో తెలియడానికి పదేళ్లు కూడా పట్టలేదు. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే గార్డసిల్ టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. కొత్తగూడెం అంటే సింగరేణి కేంద్ర కార్యాలయం ఉన్న ఊరు. మా బొగ్గుట్టల గుండెకాయ. పిల్లల్లో చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్లలో చదువుకునేవాళ్లు.

పిల్లల మరణాల వార్తలు వచ్చి, స్త్రీల ఆరోగ్య సంఘాలు వెళ్లి విచారించాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని తేల్లేదని ప్రభుత్వ విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదే. యూరప్ 2006లోనే అనుమతించింది. ప్రపంచమంతటా కోట్ల మంది వేయించుకున్నారు. క్యాన్సర్‌ను తగ్గిస్తున్నదనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి. అయితే విచారణలో బయటపడిన సంగతి టీకా గురించి కాదు, సంతకాల గురించి. చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లో, ప్రధానోపాధ్యాయులో సంతకం పెట్టారు. కన్నవాళ్లకు తెలియకుండా కూతుళ్ల చేతులకు సూదులు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

మంచి మందును తప్పుడు పద్ధతిలో ఇస్తే మందు మంచితనం ఆ పద్ధతిని కడగదు. పైగా ఆ పద్ధతి మంచి మందు మీద కూడా నమ్మకం పోగొడుతుంది. కొత్తగూడెం తర్వాత టీకా అంటే బెదిరిన తల్లులదా తప్పు? ఆ ఏడాదే సుప్రీంకోర్టు ఒత్తిడి మీద, మందుల ప్రయోగాల్లో సమ్మతి తీసుకునేటప్పుడు ఆడియో, వీడియో రికార్డు చేయాలన్న నియమం, నష్టపరిహారం నియమాలు వచ్చాయి. మన నియమాలూ ఎవరో ఒకరి ఒంటి మీద నుంచే వచ్చాయి.

కుర్చీ వేసిన చోటు

ఇదే కాలంలో యూరప్ ఒక అడుగు ముందుకు వేసింది. 2010లో తెచ్చి 2012 నుంచి అమలు చేసిన మందుల నిఘా చట్టం రెండు మార్పులు తెచ్చింది. మందు పడక ఇబ్బంది వస్తే డాక్టరు ద్వారానే కాదు, వాడినవాళ్లు నేరుగా ఫిర్యాదు రాయవచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మందుల భద్రతా కమిటీలో రోగుల ప్రతినిధులకు సభ్యత్వం ఇవ్వాలి. 2017 సెప్టెంబరు 26న ఆ కమిటీ తన మొదటి బహిరంగ విచారణ జరిపింది. విషయం వాల్‌ప్రొయేట్. గర్భంతో ఉన్నప్పుడు ఆ మందు వాడి, దాని ప్రభావంతో పుట్టిన పిల్లల్ని పెంచుతున్న తల్లులు నిపుణుల ముందు కూర్చుని మాట్లాడారు. తమకెవరూ చెప్పలేదన్నదే వాళ్ల మాటల సారం. 2018లో నియమాలు కఠినమయ్యాయి. గర్భం రావడానికి వీలున్న స్త్రీకి గర్భనిరోధం ఏర్పాటూ, పూర్తి సమాచారమూ లేకుండా ఆ మందు ఇవ్వకూడదన్నారు.

పటాన్‌చెరులో స్త్రీలు అడిగినదీ ఆ తల్లులు అడిగినదీ వేరు కాదు. అక్కడ ముప్ఫై ఏళ్ల తర్వాతైనా కుర్చీ వేశారు.

అట్లాగని యూరప్‌ను నెత్తిన పెట్టుకోనక్కర లేదు. ఆ చట్టం ఎవరి శరీరాన్ని కాపాడడానికో కూడా అడగాలి. 2014 మేలో ఫ్రాన్స్ మందుల సంస్థ తనిఖీ బృందం హైదరాబాదు వచ్చింది. జీవీకే బయోసైన్సెస్‌లో, జెనరిక్ మందులు అసలు మందుతో సమానంగా పనిచేస్తాయా అని పరీక్షించిన రికార్డులు చూసింది. వలంటీర్ల ఈసీజీలు తారుమారయ్యాయని తేల్చింది. 2015లో ఆ పరీక్షల ఆధారంగా అనుమతి పొందిన సుమారు 700 రకాల మందుల్ని ఆపాలని యూరోపియన్ ఏజెన్సీ సిఫార్సు చేసింది. ఆ మందులు వాడిన వాళ్లకు హాని జరిగిందన్న ఆధారాలు లేవని కూడా చెప్పింది. అక్కడి రోగికి అది న్యాయమే. కాని ఈసీజీ కాగితం వెనక ఒక గుండె ఉంది కదా. డబ్బు కోసం ఒళ్లు అప్పగించిన ఆ మనిషికి ఏమైందన్నది ఆ చర్చలో మధ్యకు రాలేదు. కాగితం నిజమా కాదా అన్నదే ప్రశ్న అయింది. మన మనిషిని చూడడం మన చట్టం పని. వాళ్ల తనిఖీ అధికారి వచ్చి చేసిపెట్టడు.

2023 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ ఇరవై ఏళ్లలో అతి పెద్దదని చెప్పుకుంటూ మందుల చట్టాల సంస్కరణను ప్రతిపాదించింది. 2025 డిసెంబరులో పార్లమెంటూ, సభ్య దేశాల మండలీ దాని మీద ఒక అవగాహనకు వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువ బేరం జరిగింది కొత్త మందు మీద కంపెనీకి ఎన్నేళ్లు పోటీ లేకుండా రక్షణ ఇవ్వాలన్న దగ్గర. ఎన్నేళ్లన్న ఆ లెక్క మనకూ సంబంధించినదే. అక్కడికి జెనరిక్ మందులు పంపేవాటిలో హైదరాబాదు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. అయినా ఏళ్ల మీద జరిగినంత వాదన, వాడిన స్త్రీ మాట ఎట్లా వినాలన్న దాని మీద జరగలేదు.

సూది తిరిగొచ్చింది

నెట్-ఎన్ కేసు నడుస్తుండగానే, 1993లో డెపో-ప్రొవెరా మన దేశంలో ప్రైవేటు అమ్మకానికి అనుమతి పొందింది. స్త్రీల సంఘాలు దాని మీద కూడా కోర్టుకు వెళ్లాయి. జాతీయ కార్యక్రమంలో చేర్చవద్దని మందుల సాంకేతిక సలహా మండలి 1995లో చెప్పింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2015లో, అదే మండలి చేర్చడానికి ఒప్పుకుంది. ఈ మధ్యలో 2004లో, ఎక్కువ కాలం వాడితే ఎముకల సాంద్రత తగ్గుతుందన్న హెచ్చరికను అమెరికా ఆ మందు మీద నల్ల గీతల పెట్టెలో రాయించింది. 2017లో సూది ‘అంతరా’ అయి వచ్చింది.

ఇక్కడ మనలో మనం నిజాయితీగా మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటుంది. సూది వద్దన్నంత మాత్రాన స్త్రీకి మేలు జరిగిపోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో పది మందికి ఆరుగురికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. చాలామందికి పాతికేళ్లు దాటకముందే అయిపోతుంది. మగవాళ్ల ఆపరేషన్లు నూటికి రెండు. పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. ఇదీ మనకు ఇచ్చిన దారి. ఈ దారిలో కాన్పుకూ కాన్పుకూ ఎడం కావాలనుకునే అమ్మాయికి, మాత్ర కనపడితే అత్త అడిగే ఇంట్లో ఉండే అమ్మాయికి, కండోమ్ మాట ఎత్తలేని అమ్మాయికి ఎవరికీ తెలియకుండా పనిచేసే సూది ఒక ఆసరా. సెకండ్ షిఫ్టు దిగి తాగి వచ్చిన మొగుడితో రాత్రి వాదన పెట్టుకోలేని స్త్రీకి, ఆ సూది చెడ్డదని హైదరాబాదులో కూర్చుని తీర్పు చెప్పడం ఏ రకం స్త్రీవాదం? ఆమె ఎంపికను గౌరవించాలి.

కాని ఎంపిక అన్న మాటను సగంలో ఆపకూడదు. తెలిసి ఎంచుకుంటేనే ఎంపిక. మానుకోవడానికి, తిరిగొచ్చి చెప్పుకోవడానికి చోటుంటేనే ఎంపిక. 2024 హెచ్చరిక ఒక సంగతి మాత్రం ఖాయం చేసింది. దీర్ఘకాలం గమనించాలని 1986లో అడిగిన స్త్రీలను విజ్ఞానానికి అడ్డం పడుతున్నారని వెక్కిరించారు. వాళ్లు ఈ కణితి గురించి అడగలేదు. అది అప్పుడు ఎవరికీ తెలియదు. తెలియనిది ఇంకా ఉండవచ్చు, కాబట్టి చూస్తూ ఉండండి అన్నారు. విజ్ఞానం అంటే అదే కదా.

ఫ్రాన్స్ తొమ్మిది మందిని పట్టుకోగలిగింది డాక్టర్ల గొప్పదనం వల్ల మాత్రమే కాదు. అక్కడ ప్రతి మందు చీటీ, ప్రతి ఆపరేషన్ ఒకే జాతీయ వ్యవస్థలో పడతాయి. పదేళ్ల కింద వేసిన సూదికీ ఇవ్వాళ్టి కణితికీ మధ్య దారం తెగదు. మన దగ్గర సూది ఆరోగ్య కేంద్రంలో, తలనొప్పి ఆర్.ఎం.పి. దగ్గర, స్కానింగు మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో, ఆపరేషన్ హైదరాబాదులో. నాలుగు చోట్లా నాలుగు కాగితాలు. వాటిని కలిపి ఉంచేది ఇంట్లో బియ్యం డబ్బా మీది ప్లాస్టిక్ కవరొక్కటే.

అందుకని అడగాల్సినవి పెద్ద పెద్ద విధానాలేమీ కావు. మొదటి సూదికి ముందు డాక్టరు పరీక్షించాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలే చెప్తున్నాయి. అది జరుగుతోందా? చూపు మసకబారడం, వదలని తలనొప్పి, మూర్ఛ వంటివి కనిపిస్తే రావాలని యూరప్‌లో చెప్తున్న మాట మన ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల దాకా తెలుగులో వచ్చిందా? ఏడాదికి మించి వాడేవాళ్లను ఎవరైనా కూర్చోబెట్టి మాట్లాడుతున్నారా? సూది మానేసిన స్త్రీ ఎందుకు మానేసిందో రాయడానికి కార్డులో ఒక గడి ఉందా? మన దేశంలో 2010 నుంచి మందుల నిఘా కార్యక్రమం ఉంది. వాడినవాళ్లే ఫిర్యాదు రాయడానికి తెలుగులో కూడా ఫారం ఉంది. 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. వీటి సంగతి నేనడిగిన ఏ స్త్రీకీ తెలియదు. కట్టిన కుర్చీ ఉంది, కూర్చోవడానికి పిలిచినవాళ్లు లేరు.

మన రచయిత్రులు ముట్టు గురించి, గర్భం గురించి, ఆపరేషన్ బల్ల గురించి రాసి చాలా నిశ్శబ్దాల్ని బద్దలు కొట్టారు. స్త్రీల ఆరోగ్యం మీద ‘సవాలక్ష సందేహాలు’ వంటి పుస్తకం తెలుగులో రావడం కూడా ఆ పనిలో భాగమే. ఇప్పుడు ఆ పనికి ఇంకో మెట్టు ఉందనుకుంటాను. స్వయం సహాయక సంఘాల స్త్రీలకు పొదుపు పుస్తకాలు రాయడం వచ్చు. వడ్డీ పైసాతో సహా లెక్క తప్పరు. ఆ పుస్తకం పక్కనే ఇంకో పుస్తకం పెట్టమందాం. ఎవరు ఏ తేదీన ఏ సూది వేయించుకున్నారు, ఆ తర్వాత ఒంట్లో ఏమైంది, ఎవరికి చెప్పారు, వాళ్లేమన్నారు. పేర్లు బయటపెట్టనక్కర లేదు. కలెక్టరేటు ఇప్పుడు మా నస్పూర్‌లోనే ఉంది. ఆ లెక్క పట్టుకుని వెళ్లడానికి బస్సు కూడా ఎక్కనక్కర లేదు.